సముద్రం మీద మాట్లాడే హక్కు మనకు ఎవరూ దానం చెయ్యలేదు

ఈ పోస్టు పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే పూర్తిగా చదివాకే తిట్టండి.

మొన్నటి కార్యవర్గ సమావేశంలో ఏడో అంశంగా మేము ఒక కాగితం పెట్టాం. గంజాం, పూరీ తీరాల్లోని మన జాలరి పేటల వివరాలు సర్కారువారి తీరప్రాంత పటంలో సరిగ్గా ఎక్కాయో లేదో సంఘం తరఫున చూద్దాం, తేడా ఉంటే రాసిద్దాం అన్నది ఆ కాగితం. ఉగాదికి పాటగాణ్ణి ఎక్కణ్ణుంచి పిలవాలన్న మొదటి అంశం గంటన్నర నడిచింది. మా ఏడో అంశం నాలుగు నిమిషాల్లో ముగిసింది. ఒక పెద్దాయన ఇలా అన్నారు: "సముద్రం సంగతి ప్రభుత్వాలది బాబూ. దేశాల మధ్య ఒప్పందాలుంటాయి, నేవీ ఉంటుంది, పెద్ద పెద్ద ఆఫీసర్లుంటారు. మనది భాషా సంఘం. అందులో దూరడానికి మనకేం హక్కుంది?"

ఆయనంటే మాకు గౌరవం. ఈ సంఘం భవనానికి ఇటుకలు మోయించినవారు. కానీ ఆ మాటకు సమావేశంలో సగం మంది తలూపారు. అందుకే సమాధానం అందరికీ రాస్తున్నాం. హక్కుంది. కాగితం మీదే ఉంది. ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్కటే చెబుతాం.

ముందు మన ఇంటి సంగతి. పూరీ ఒడ్డున తెల్లటి కోసు టోపీ పెట్టుకుని యాత్రికులను అలల్లోకి తీసుకెళ్లి, మునుగుతున్నవాళ్లను బయటికి లాగే నోలియాలు ఎవరు? మనవాళ్లే. పెంఠకటలో, గోపాల్‌పూర్‌లో, ఆర్యపల్లిలో తెల్లారకముందే పడవ తోసేవాళ్లు ఎవరు? ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే మనవాళ్లే. మునిగేవాణ్ణి కాపాడటానికి వాళ్లు కావాలి. అదే ఒడ్డున ఏం కట్టాలి, ఎక్కడ కట్టాలి అని తేల్చే గదిలో మాత్రం వాళ్లకు కుర్చీ ఉండదు. మన సంఘం బరంపురంలో కూర్చుని అది తన పని కాదంటుంది.

ఇక చట్టం. పైనుంచి కిందికి వద్దాం.

1945 నాటి ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లో 71వ అధికరణం ఉంది. ఆర్థిక సామాజిక మండలి ప్రభుత్వేతర సంస్థలతో సంప్రదింపులకు ఏర్పాట్లు చేసుకోవచ్చు అంటుంది. 'చేసుకోవచ్చు' అన్నమాట గమనించండి. ఇష్టమైతేనే. 1982 సముద్ర చట్టాల ఒప్పందానికి వచ్చేసరికి ఆ మాట గట్టిపడింది. అంతర్జాతీయ సముద్రగర్భ అథారిటీ ఆఫీసు జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంది. ఆర్థిక సామాజిక మండలి గుర్తించిన ప్రభుత్వేతర సంస్థలతో సంప్రదింపులకు ఆ అథారిటీ సెక్రటరీ జనరల్ తగిన ఏర్పాట్లు 'చెయ్యాలి' అని 169వ అధికరణం చెబుతుంది. 'వచ్చు' పోయి 'వాలి' వచ్చింది. ఈ ఒప్పందాన్ని భారతదేశం 1995లో ధ్రువీకరించింది.

అదే 1995లో సముద్ర సరిహద్దులు దాటి తిరిగే చేపల మీద ఇంకో ఒప్పందం వచ్చింది. మన సూరచేప అందులోదే. దానికి పాస్‌పోర్టు లేదు, ఏ దేశం నీళ్లలోకైనా పోతుంది. ఆ ఒప్పందంలోని 12వ అధికరణం పారదర్శకత గురించి. చేపల నిర్వహణ సంస్థల సమావేశాల్లో సంబంధిత ప్రభుత్వేతర సంస్థల ప్రతినిధులకు పరిశీలకులుగా పాల్గొనే అవకాశం ఇవ్వాలి, ఆ నియమాలు అనవసరంగా బిగించకూడదు, రికార్డులు సకాలంలో అందుబాటులో ఉండాలి అని అందులో ఉంది. భారతదేశం 2003లో ఇందులో చేరింది. అంటే మన దేశం ఒప్పుకున్న మాటే ఇది.

2023 జూన్‌లో ఏ దేశానికీ చెందని నడిసముద్రం జీవజాలం మీద కొత్త ఒప్పందం ఆమోదించారు. భారతదేశం 2024 సెప్టెంబరులో సంతకం పెట్టింది. 2026 జనవరి 17 నుంచి ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. నడిసముద్రంలో పెద్ద పని ఏదైనా తలపెడితే పర్యావరణ ప్రభావం లెక్క కట్టేటప్పుడు ప్రజలకు తెలపాలి, సంప్రదించాలి అని అందులో ప్రత్యేకంగా రాశారు. ఆ సంప్రదించాల్సినవాళ్లలో సంప్రదాయ జ్ఞానం ఉన్న స్థానిక సమాజాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు పెద్దాయన అన్నమాటకే వద్దాం. 'సముద్రం ప్రభుత్వాలది.' అదే నిజమైతే, 1982 ఒప్పందంలోనే 153వ అధికరణం ఎందుకుంది? ఒక దేశం పూచీ ఉంటే ప్రైవేటు కంపెనీ కూడా సముద్రం అడుగున గనుల తవ్వకానికి ఒప్పందం చేసుకోవచ్చని అది అంటుంది. తగాదా వస్తే ఆ కంపెనీ సముద్ర చట్టాల ట్రిబ్యునల్‌లోని ప్రత్యేక విభాగానికి నేరుగా వెళ్లవచ్చని 187వ అధికరణం అంటుంది. కంపెనీ ప్రభుత్వం కాదు కదా! ప్రభుత్వం కానివాళ్లకు సముద్రం తలుపు నలభై ఏళ్ల కిందటే తెరిచారు. కంపెనీకి ఒప్పందం, కోర్టు రెండూ దొరికాయి. వలవేసేవాడికి దొరికింది పరిశీలకుడి కుర్చీ, అదీ వెనకవరుసలో.

ఇక్కడ మేము నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. పరిశీలకుడి కుర్చీకి ఓటు లేదు. మాట్లాడవచ్చు, కాగితం ఇవ్వవచ్చు, రికార్డు చూడవచ్చు. నిర్ణయం మాత్రం వాళ్లది. "మరి ఆ కుర్చీ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. ఓటు లేని మాటకు కూడా బరువుంటుందని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు.

మద్రాసులో ఇంటర్నేషనల్ కలెక్టివ్ ఇన్ సపోర్ట్ ఆఫ్ ఫిష్‌వర్కర్స్ అనే సంస్థ ఉంది. 1986లో పుట్టింది. దానికి దేశం లేదు, సైన్యం లేదు, ఓటు లేదు. దాన్ని నడిపినవారిలో చంద్రికా శర్మ ఒకరు. చిన్న జాలర్ల హక్కుల మీద ప్రపంచ దేశాలు ఒక మార్గదర్శక పత్రం ఒప్పుకోవాలని ఏళ్ల తరబడి సమావేశాల్లో కూర్చున్నారు. 2014 మార్చి 8న మంగోలియాలో ఒక సమావేశానికి వెళుతూ ఆమె ఎక్కిన విమానం మలేసియా ఎయిర్‌లైన్స్ 370. ఆ విమానం తిరిగి రాలేదు. అదే ఏడాది జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో దేశాలు చిన్నతరహా చేపల వేట మార్గదర్శకాలను ఆమోదించాయి. ఆ పత్రాన్ని ఆమెకు అంకితం ఇచ్చారు. ప్రభుత్వం కాని ఒక మనిషి పేరు ప్రభుత్వాలు ఒప్పుకున్న పత్రంలో ఉంది. మన దేశంలోని సంస్థ చేసిన పని ఇది. ఓటు లేదు కాబట్టి ఇంట్లో కూర్చుందాం అని ఆమె అనుకోలేదు.

సరే, కింగ్‌స్టన్, రోమ్ మనకు దూరం. కలెక్టరాఫీసు దూరం కాదుగా?

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ చూడండి. రేవు లాంటి పెద్ద ప్రాజెక్టు రావాలంటే బహిరంగ విచారణ జరగాలి. ముప్పై రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. కలెక్టరుగానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారిగానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: ఎవరేం చెప్పారో రాసిన సారాంశాన్ని చివర్లో అక్కడున్నవాళ్లకు వాళ్ల భాషలో వివరించి చదివి వినిపించాలి.

2019 జనవరి 18 నాటి తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ చూడండి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉండాలి. అందులో జాలరులతో సహా స్థానిక సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురుండాలి. తీరప్రాంత నిర్వహణ పటం ముసాయిదా మీద జిల్లా స్థాయిలో ప్రజల ముందు విచారణ జరగాలి.

ఆ పటం ఎందుకంత ముఖ్యమో ఒడ్డు మీద బతికేవాడికి చెప్పక్కర్లేదు. చేపలు ఎండబెట్టే ఇసుక, పడవలు లాగి నిలిపే చోటు, వలలు బాగుచేసుకునే చెట్టు నీడ, గంగమ్మ గుడికి పోయే దారి... వీటికి ఎవరి పేరునా పట్టా ఉండదు. తాతల నుంచి అందరిదీ. పటంలో ఎక్కితే అది ఊరి ఉమ్మడి చోటు. ఎక్కకపోతే రికార్డులో ఖాళీ ఇసుక. ఖాళీ ఇసుక మీదికి రిసార్టు కంచె రావడానికి ఒక్క వేసవి చాలు. మేము పెట్టిన ఏడో అంశం అదే. నాలుగు నిమిషాల అంశం.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక బహిరంగ విచారణకు మన సంఘం నుంచి నలుగురం వెళ్లాం. ఏ ప్రాజెక్టు, ఏ జిల్లా అన్నది ఇక్కడ అనవసరం. ఆహ్వానించారు కాబట్టి రెండో వరుసలో కూర్చున్నాం. టీ ఇచ్చారు, తాగాం. ఎండుచేపల వ్యాపారం చేసే ఒక అమ్మ లేచి మైకు పట్టుకుంది. అచ్చంగా తెలుగులో, ఆరేడు నిమిషాలు చెప్పింది. వానాకాలంలో పడవలు ఎంత పైకి లాగాల్సి వస్తుందో, ఏ మెట్టన చేప ఎండుతుందో, ఏ మెట్టన కుళ్లుతుందో, కంచె పడితే తలమీద గంప పెట్టుకుని ఎంత చుట్టు తిరగాలో... లెక్కతో సహా చెప్పింది. రాసుకునే గుమాస్తా కలం కదల్లేదు. అతనికి తెలుగు రాదు. మాకు వచ్చు. ఒడియా కూడా వచ్చు. మేము లేవలేదు.

తర్వాత ఆ నివేదిక మా చేతికి వచ్చింది. ఆ అమ్మ ఆరేడు నిమిషాల మాట ఒక్క ముక్కగా ఉంది: స్థానిక మహిళ ఉపాధి కల్పించమని కోరారు.

ఆమె ఉద్యోగం అడగలేదు. ఉన్న పని తీసెయ్యొద్దంది. చివర్లో సారాంశం మా భాషలో చదివి వినిపించమని అడిగే హక్కు ఆ రోజు మాకుంది. ఆ సంగతి మాకు తెలియదు. తెలియకపోవడం ఒక తప్పు. తెలుగు సంఘం అని బోర్డు పెట్టుకుని తెలుగులో మాట్లాడిన మనిషి మాట పోతుంటే టీ తాగడం రెండో తప్పు. రెండోదానికి మేము ఈనాటికీ సిగ్గుపడుతున్నాం.

అందుకే "మనది భాషా సంఘం, సముద్రం మన పని కాదు" అన్నమాట మాకు మింగుడుపడదు. భాషా సంఘం కాబట్టే ఇది మన పని! రాజ్యాంగం 350వ అధికరణం చదవండి. ఎవరైనా సరే, తమ ఇబ్బంది తీర్చమని కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. ఒడిశాలో తెలుగు వాడుకలో ఉందా లేదా? మన భవనంలోకి వచ్చి వినమనండి. తెలుగులో అర్జీ ఇస్తే 'అర్థం కాలేదు' అని తిప్పి పంపే అధికారం ఏ ఆఫీసుకూ లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అది ఇంగ్లీషులోగానీ, హిందీలోగానీ, ఆ ప్రాంతపు అధికార భాషలోగానీ ఉండాలి. అక్కడే మన చదువుకున్న పిల్లలు కావాలి.

2020లో పర్యావరణ నోటిఫికేషన్ కొత్త ముసాయిదా వచ్చింది. విచారణ నోటీసు గడువును ముప్పై రోజుల నుంచి ఇరవైకి తగ్గించాలన్నది అందులో ఒక ప్రతిపాదన. ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉందని ఒకరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకీ అనువదించమని జూన్ 30న కోర్టు చెప్పింది. కేంద్రం ఆ పని చెయ్యకుండా సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒక అనువాదానికి ప్రభుత్వం అంత దూరం పోయిందంటే, జనానికి అర్థమయ్యే భాషలో కాగితం పెట్టడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. యానాం సభ్యులకు ఈ బాధ అంతగా తెలియకపోవచ్చు. అక్కడ ఆఫీసులో తెలుగు మాట్లాడితే ఎవరూ తల తిప్పి చూడరు. ఇక్కడ అలా కాదు.

ఇక అభ్యంతరాలు. మూడు వినబడ్డాయి.

మొదటిది: "మనం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం. ఇక్కడ స్థానికులమని ఎలా అంటాం?" తాత ఈ ఒడ్డున పుట్టాడు, ముత్తాత ఈ ఒడ్డున కాలిపోయాడు. ఇంకెన్ని తరాలు కావాలి? నోటిఫికేషన్ అడిగేది సంప్రదాయంగా తీరం మీద బతుకుతున్నారా అని. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడగదు. ఒడియా జాలరులతో మనకు పోటీ లేదు. ఒకే అలకు రెండు పడవలూ ఊగుతాయి. వాళ్లతో కలిసే ఆ ముగ్గురు ప్రతినిధుల సంగతి అడుగుదాం.

రెండోది: "గవర్నమెంటుతో గొడవ పెట్టుకుంటే ఉగాది గ్రాంటు పోతుంది." గ్రాంటు కోసం నోరు కట్టుకునే సంఘానికి సంఘం అన్న పేరెందుకు? ప్రతి ఏడూ వి.వి.గిరి గారి ఫొటోకు దండ వేస్తాం. బరంపురంలో పుట్టిన రాష్ట్రపతి అని ఉపన్యాసం చెబుతాం. ఆయన రాష్ట్రపతి కాకముందు రైల్వే కార్మికులను కూడగట్టి సంఘం నడిపిన మనిషి. దండ వేసే చేతులకు అది గుర్తుండాలి.

మూడోది కాస్త కష్టమైనది: "జాలర్లు తాబేళ్లను చంపుతారు. వాళ్ల తరఫున మాట్లాడితే మనకు చెడ్డపేరు." నిజమే, వలల్లో పడి తాబేళ్లు చస్తున్నాయి. మేము దాన్ని దాచం. ఋషికుల్య, దేవీ, ధమ్రా నదుల మొగల దగ్గర ఇరవై కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట నిషేధం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరబోట్లకు అరవై ఒక్క రోజుల నిషేధం. రెండూ కలిపితే ఆ మొగల దగ్గర మరబోటుకు ఏడున్నర నెలలు సముద్రం మూసి ఉంటుంది. తాబేలు బతకాలి, మేమూ అదే అంటాం. ఋషికుల్య ఒడ్డు పల్లెల్లో గుడ్లు పెట్టే రాత్రులు కాపలా కాసేది జాలరి కుర్రాళ్లే. మా ప్రశ్న ఒక్కటే. గీత ఎక్కడ గియ్యాలి, ఏ వల ఆపాలి, ఏ వల వదలాలి, ఆ ఏడున్నర నెలలు ఇల్లు ఎలా గడవాలి... ఇవి తేల్చేటప్పుడు తాబేలు తరఫున మాట్లాడే సంస్థకు కుర్చీ ఉంది. మంచిదే. ఏడాదంతా తాబేలును చూసేవాడికి కుర్చీ ఏది? ఇద్దరూ ప్రభుత్వం కానివాళ్లే. ఒకరికి ఇంగ్లీషు వచ్చు, ఇంకొకరికి రాదు. అంతే తేడా.

కూర్చుని గెలిచాక కూడా లేచిపోకూడదని చెప్పే కథ ఒకటుంది. తమిళనాడు సర్వోదయ పెద్ద జగన్నాథన్ గారు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమ ఉండకూడదంది. తీరప్రాంత మండలిలోని చెరువులు తీసెయ్యమంది. ప్రభుత్వం కాని ఒక ముసలాయన, ఒక పిటిషన్! కానీ 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి ఆ తీర్పు పట్టు సడలించింది. తీర్పు వచ్చింది కదా అని జనం ఇళ్లకు పోతే, చెరువుల యజమానులు ఇళ్లకు పోలేదు. హక్కు చట్టంలో ఉంటే చాలదు. ప్రతిసారీ వెళ్లి కూర్చోవాలి.

ఇంకో మాట. ప్రాజెక్టుకు అనుమతి వచ్చాక దాని మీద నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముప్పై రోజుల గడువు. తగిన కారణం చూపితే ఇంకో అరవై రోజులు. ఆ తర్వాత తలుపు మూత. మనకు కోల్‌కతా బెంచి. అనుమతి వచ్చిన సంగతి మనకు ఆరు నెలల తర్వాత టీకొట్టు దగ్గర తెలిస్తే ఏం లాభం?

అందుకని వచ్చే సమావేశానికి మా ప్రతిపాదనలు ఇవి.

ఒకటి, తీరం పనికి ఐదుగురితో కమిటీ వెయ్యాలి. అందులో ముగ్గురు పేటల నుంచే రావాలి, కనీసం ఒకరు చేపలమ్మే ఆడమనిషి అయ్యుండాలి. బరంపురం మేడల్లో ఉండే మనం మాట్లాడటానికి కాదు, వాళ్ల మాట కాగితం మీదికి ఎక్కించడానికి ఉండాలి.

రెండు, గంజాం, పూరీ కలెక్టర్లకు 350వ అధికరణం కింద తెలుగులో అర్జీ, దానికి ఒడియా అనువాదం జతచేసి ఇవ్వాలి. జిల్లా తీరప్రాంత కమిటీలో జాలరుల ప్రతినిధులు ఎవరో అడగాలి.

మూడు, పటం తెప్పించి పేట పేటకూ తీసుకెళ్లి పెద్దవాళ్ల చేత గుర్తులు పెట్టించాలి.

నాలుగు, ఇకమీద ఏ బహిరంగ విచారణ జరిగినా ఒడియా, తెలుగు రెండూ వచ్చిన ఇద్దరు సభ్యులు వెళ్లాలి. తెలుగులో చెప్పిన ప్రతి మాటా రాసుకోవాలి. చివర్లో సారాంశం తెలుగులో చదివించే దాకా కుర్చీ వదలకూడదు.

వీటికయ్యే ఖర్చు ఉగాది షామియానా కంటే తక్కువ. కావాలంటే కోశాధికారిగారు లెక్క వెయ్యొచ్చు.

పెద్దాయనకు మరోసారి నమస్కారం. మనకేం హక్కుందని అడిగారు. ఇదిగో, ఇంత ఉంది. ఇక ప్రశ్న మావైపు నుంచి: ఇంత ఉండగా ఇన్నాళ్లూ మనం ఏం చేశాం?

కామెంట్లలో 'శుభం', 'జై తెలుగుతల్లి' రాయకండి. ఆ కమిటీలోకి మీరు వస్తారో రారో రాయండి. వచ్చే ఎజెండాలో ఇది ఒకటో అంశంగా పెట్టండి. పాటగాడి సంగతి ఏడో అంశంలో చూద్దాం.